చిప్పగిరి సాగునేల: పంచాయతీ అధికారపు హద్దులు

దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా 1800–1807 నడుమ పనిచేసిన థామస్ మన్రో పొలం పొలాన్నీ కొలిపించి శిస్తు నిర్ణయించాడు. ఆ దృష్టిలో సాగునేల ఆదాయవనరు. దాన్ని సాగులోనే నిలపాలన్న ఆలోచన అందులో లేదు. బళ్ళారి జిల్లాలోని ఆలూరు తాలూకాతో పాటు చిప్పగిరి 1953లో ఆంధ్ర రాష్ట్రంలో చేరింది. 1963 నాటి వ్యవసాయేతర భూముల పన్ను చట్టమూ పాత బాటనే పట్టింది: వినియోగం మారితే పన్ను మారుతుంది, అంతే. 2006 చట్టం దాన్ని రద్దుచేసి ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసింది. (జనం నోట మాత్రం పాత చట్టపు పొట్టి పేరు ‘నాలా’యే నిలిచింది.) అనుమతినిచ్చే అధికారం అప్పట్లో పంచాయతీకి కాక రెవెన్యూ డివిజనల్ అధికారికి ఉండేది, నాడు చిప్పగిరికి ఆ కార్యాలయం ఆదోనిలో ఉండేది. 2002 నియమాల కింద లేఅవుట్లపై పంచాయతీకి పాత్ర ఉన్నా, సాంకేతిక ఆమోదం పట్టణ, గ్రామీణ ప్రణాళికా శాఖ నుంచి రావలసిందే.

అసలు చిక్కు రాజ్యాంగంలోనే ఉంది. భూవినియోగ నియంత్రణ పురపాలికల 12వ షెడ్యూలులో కనిపిస్తుంది; పంచాయతీల 11వ షెడ్యూలులో వ్యవసాయం, భూసంస్కరణలు ఉన్నాయి గాని అది లేదు. ఈ రెండింటినీ కలపవలసిన జిల్లా ప్రణాళికా సంఘానికి 243జెడ్‌డి అధికరణం ముసాయిదా ప్రణాళిక తయారీని మాత్రమే అప్పగించింది. చిప్పగిరికి దగ్గరి పట్టణమైన గుంతకల్లు అనంతపురం జిల్లాలో ఉంది. పట్టణం ఒక సంఘం పరిధిలోనూ, దాని పొరుగు నల్లరేగడి మరొక సంఘం పరిధిలోనూ పడ్డాయి.