కాలవగట్టు మీద గుర్రాలు

ఉప్పునీళ్లు తాగిన ఇంజన్లోంచి ఆయిలు దించితే అది నల్లగా రాదు. మజ్జిగలో బూడిద కలిపినట్టు చిక్కగా, సంపు బోల్టు దగ్గర్నుంచి తాడులా సాగుతూ దిగుతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. రోడ్లు కాస్త తేరుకున్నాక గుడివాడలో మా మేస్త్రీ షెడ్డుకి మొదటి జీపును ట్రాక్టరు వెనక కట్టి లాక్కొచ్చారు. నాకప్పుడు పదహారేళ్లు. పానాలు కిరసనాయిల్లో కడిగి అందించడం, టీలు తేవడం నా పని. ‘తాళం ముట్టుకున్నోడి చెయ్యి విరిచేస్తా’ అన్నాడు మేస్త్రీ ముందే. సిలిండర్లో నీళ్లుండగా స్టార్టు కొడితే పిస్టనుకి నీళ్లు అణగవు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ప్లగ్గులు విప్పి ఇంజను చేత్తో తిప్పాం. పిచికారీ కొట్టినట్టు నీళ్లు ఎగజిమ్మి నా మొహాన పడ్డాయి. నాలిక్కి ఉప్పగా తగిలింది.

ఆయిలు మూడుసార్లు పోసి మూడుసార్లు దించాం. డైనమో, సెల్ఫ్ మోటారు విప్పి పక్కనున్న టీకొట్టు పొయ్యి గట్టు మీద రెండు రోజులు ఆరబెట్టాం. జీపు తెచ్చినాయన ఆ రెండు రోజులూ బయట బెంచీ మీద కూచున్నాడు. ఎంతవుతుందని కూడా అడగలేదు. ఇచ్చేముందు మేస్త్రీ ఎవరూ అడగని పని ఒకటి చేశాడు. సైలెన్సర్ గొట్టం చివర కోసి, మోచెయ్యిలా పైకి తిప్పి, టాపు అంచు దాకా లేపి వెల్డింగ్ కొట్టించాడు. ఇరుసు గాలిరంధ్రానికి రబ్బరు గొట్టం తగిలించి బానెట్లోకి పాకించాడు. ‘ఈసారి నీళ్లొస్తే బండైనా బయటపడాలి’ అన్నాడు. బండిని కంపెనీ ఇచ్చినట్టు కాక వేరేగా మార్చడం నేను చూసింది అదే మొదలు.

మొన్న నాగాయలంక వైపు నుంచి ఒక కుర్రాడు ఆక్టేవియా కారేసుకుని నా షెడ్డుకొచ్చాడు. 1.8 టర్బో పెట్రోలు. హైదరాబాదులో సెకండ్ హ్యాండులో కొన్నాడట. వాళ్లది చేపల చెరువుల కుటుంబం, నాన్న నాకు పాత ఖాతాదారు. ‘బాబాయ్, కంపెనీ 180 గుర్రాలిచ్చింది. మ్యాపు ఎక్కించి, సైలెన్సర్ మార్చి 220 చెయ్యాలి’ అన్నాడు. సైలెన్సర్ డబ్బా డిక్కీలో పెట్టుకునే వచ్చాడు. వాడు సైలెన్సర్ అనగానే నాకు ఆ జీపు గుర్తొచ్చింది. వాడికి ఆ కథ చెప్పబోతే ఫోను చూసుకున్నాడు. అందుకని ఇక్కడ రాస్తున్నా.

కృష్ణా డెల్టాలో బండి మార్చడం ఈనాటిది కాదు. మా మేస్త్రీ బందరు బస్సుల్లో క్లీనరుగా మొదలైనవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకి రేషను పెడితే బస్సు వెనక నిలువెత్తు డ్రమ్ము బిగించారు. అందులో బొగ్గు మండించి, వచ్చే గ్యాసు చల్లార్చి, వడగట్టి ఇంజనుకి పట్టించారు. జనం బొగ్గు బస్సులనేవాళ్లు. ఆరింటి బస్సుకి క్లీనరు నాలుగింటికే లేచి గాలి చక్రం తిప్పి నిప్పు రాజెయ్యాలి. శక్తి మూడో వంతు పైగా పడిపోయేది. వంతెన ఎక్కలేక ఆగితే మగవాళ్లు దిగి తోసేవాళ్లట. మేస్త్రీ కుడిచేతి మీద కాలిన మచ్చ ఒకటి ఉండేది, ఆ డ్రమ్ము మూతదే.

యుద్ధం పోయింది, పెట్రోలు తిరిగొచ్చింది, బస్సులు మాత్రం ప్రైవేటు వాళ్లవే. 1958 జనవరి 11న ఆర్టీసీ ఏర్పడ్డాక కృష్ణా జిల్లా రూట్లు జాతీయం చెయ్యబోతే ఓనర్లు సుప్రీంకోర్టుకెళ్లారు. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసంటే లా చదివే పిల్లలకి ఇప్పటికీ తెలుసు. అభ్యంతరాలు విన్నది సెక్రటరీ, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. విన్నవాడు ఒకడు, తీర్పు చెప్పేవాడు ఇంకొకడు అయితే చెల్లదని కోర్టు ఆ స్కీమును కొట్టేసింది. చివరికి బస్సులు ఆర్టీసీకే పోయాయనుకోండి. మేస్త్రీ గుడివాడలో షెడ్డు పెట్టుకున్నాడు. ఆ తీర్పు మాత్రం నాకు మహా ఇష్టం. ‘బాబాయ్, బండి టకటకమంటోంది, ఏమై ఉంటుంది’ అని ఫోను చేసేవాళ్లకి అదే చెబుతాను. విన్నవాడే తీర్పు చెప్పాలి, బండి తీసుకురా అని.

నేను చెయ్యి తిరిగిన మెకానిక్కునయ్యేసరికి 1980లు వచ్చాయి. రోడ్డు మీద ఎక్కువగా కనిపించేవి రెండే కార్లు: ఉత్తరపారా అంబాసిడర్, బొంబాయి ఫియట్. ఫియట్‌కి అప్పటికే పద్మిని అని పేరు పెట్టారు. అంబాసిడర్‌కి 1489 సీసీ, ఫియట్‌కి 1089 సీసీ. కుర్రకారు ఫియట్ తెచ్చి ‘పికప్ పెంచు’ అనేవాళ్లు. లేత్ షెడ్డులో హెడ్డు ఫేసింగ్ కొట్టించి ఒక వాసి తగ్గిస్తే కంప్రెషన్ పెరిగేది, బండి ఉరికేది. కానీ అప్పటి పెట్రోలు అంత కంప్రెషన్‌కి ఓర్చేది కాదు. ఎత్తు ఎక్కేటప్పుడు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు నాకింగ్. రెండు నెలలకి హెడ్డు ప్యాకింగ్ పేలేది.

పెద్దమనుషులకి కావలసింది వేరు. పెట్రోలు ఖర్చు మోయలేక డీజిలుకి మారేవాళ్లు. హిందుస్తాన్ మోటార్స్ 1980లో డీజిల్ అంబాసిడర్ తెచ్చింది గానీ దాని శక్తి నలభై గుర్రాలు కూడా లేదు. అందుకని మెటాడోర్ ఇంజను పాతది కొని అంబాసిడర్లో కూర్చోబెట్టేవాళ్లం. ఇంజను బరువుకి ముందు భాగం కుంగేది. టార్షన్ బార్లు విప్పి పళ్లు మార్చి మళ్లీ లేపేవాళ్లం. అలాంటి బండొకటి నేనొక్కడినే చేసి, మేస్త్రీకి చూపించకుండా ఒక రైసు మిల్లు ఆసామికి అప్పజెప్పాను. మూడోరోజు ఆయన తడిబట్టలతో, తలకి తువ్వాలు చుట్టుకుని షెడ్డుకొచ్చాడు. చల్లపల్లి దాటాక మలుపులో బండి కాలవలోకి దిగిందట. గేదెలు కాసే పిల్లాడు చెయ్యి అందిస్తే కిటికీలోంచి బయటపడ్డాడట. ‘పోతోందయ్యా నీ బండి, బ్రహ్మాండంగా పోతోంది. ఆగమంటేనే ఆగట్లేదు’ అన్నాడు. మేస్త్రీ నన్ను తిట్టలేదు. ‘డ్రమ్ములు విప్పు’ అన్నాడంతే. విప్పితే లైనింగులు రేకు దాకా అరిగిపోయి ఉన్నాయి. బరువు పెంచాను, వేగం పెంచాను, ఆపేదాని వంక చూడనే లేదు. నలభై ఏళ్లయింది. కాలవలు వారబందీలో ఎండినప్పుడు అటుగా వెళితే ఆ మలుపు దగ్గర ఇప్పటికీ కాలు బ్రేకు మీదికి పోతుంది.

మార్చిన బండి గురించి మాట్లాడుతూ నిమ్మకూరు ఎన్టీ రామారావుగారి బండి గురించి చెప్పకపోతే మావాళ్లు ఒప్పుకోరు. 1982లో పార్టీ పెట్టాక పాత షెవర్లే వ్యానుని మార్పించి చైతన్యరథం అన్నారు. కొడుకు హరికృష్ణ నడిపారు. వ్యానులోంచి పైకెక్కి టాపు మీద నిలబడి మాట్లాడేలా కట్టారు. 1983లో ఆయన గెలిచిన సీట్లలో మా గుడివాడ ఒకటి. జనమంతా ఆయన్ని చూశారు, నేను కమాన్ కట్టల్ని చూశాను. పైన మనిషి నిలబడి, చుట్టూ మైకులు, బరువంతా నెత్తిన పెట్టుకున్న బండి. దాన్ని ఊరూరా, గతుకుల్లో, జనంలో నెమ్మదిగా నడపడమే ఒక విద్య. ఆ బండికి కావలసింది వేగం కాదు, ఊగకపోవడం.

వేగం అంటే ఏమిటో నేను చూసింది షోలవరంలో. మద్రాసు దగ్గర పాత విమానాల రన్‌వే అది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వాళ్లు అక్కడ రేసులు పెట్టేవాళ్లు. 1980ల మధ్యలో రైలెక్కి పోయి, ఎండలో నిలబడి చూశాను. కోయంబత్తూరు రేసరు కరివర్ధన్ పేరు అక్కడే విన్నాను. మన ఫియట్లే, కానీ లోపల సీట్లు లేవు, తలుపు రేకుల లోపలి అట్టలు లేవు, స్టెప్నీ లేదు. డ్రైవరుకి ఒక్క సీటు, తల కాసే ఇనుప కడ్డీలు. నేను ఇంజన్లు చూద్దామని పోయాను. వాళ్లేమో రోజంతా టైర్లలో గాలి కొలుస్తున్నారు, బ్రేకులు విప్పి బిగిస్తున్నారు. ఆ రోజుల్లో నాకది చాదస్తంగా కనిపించింది. 1990లో ఇరుంగట్టుకోట్టైలో అసలు ట్రాక్ వచ్చింది, నేను మళ్లీ పోలేదు.

1990ల మొదట్లో రొయ్య వచ్చింది. వరి చేలు చెరువులయ్యాయి. నాగాయలంక, కోడూరు వైపు నుంచి కాంటెస్సాలు, మారుతి 1000లు షెడ్డుకి రావడం మొదలెట్టాయి. ఇసుజు ఇంజను పెట్టిన కాంటెస్సా, అయిదు గేర్లు, ఏనుగులాంటి బండి. బందరు గాలికి దాని గడపలు రెండేళ్లకే తుప్పు పట్టేవి. 1994, 95ల్లో తెల్లమచ్చ వైరస్ చెరువుల్ని తుడిచేసింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరం వెంట రొయ్యల చెరువులకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. కొన్న కార్లే అమ్మకానికొచ్చాయి. మార్చమని ఎవరూ రాలేదు, ఎవరైనా కొంటారేమో చూడమని వచ్చారు.

2000 ప్రాంతంలో హోండా సిటీ వీటెక్, 106 గుర్రాలు. తర్వాత 2004లో స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్, 150 గుర్రాలు. అప్పటికి పానాతో పని తగ్గింది. కార్బ్యురేటర్ పోయింది, డబ్బా కంప్యూటరొచ్చింది. ఇప్పుడు ల్యాప్‌టాప్ తగిలించి, ఆ కంప్యూటర్లోకి కొత్త మ్యాపు ఎక్కించి అరగంటలో శక్తి పెంచేస్తారు. అది అబద్ధం కాదు. టర్బో బండికి నిజంగానే పెరుగుతుంది.

కానీ నాగాయలంక కుర్రాడితో అసలు చిక్కు గేరుబాక్సుది. వాడి బండిలో ఉన్నది పొడి క్లచ్చుల ఏడు గేర్ల ఆటోమేటిక్. దానికి కంపెనీ గీసిన గీత 250 న్యూటన్ మీటర్లు. అందుకే ఇంజనుని కూడా 250 దగ్గరే ఆపి అమ్మింది. మ్యాపు ఎక్కిస్తే 300 దాటుతుంది. ‘అయితే ఏమవుద్ది బాబాయ్’ అన్నాడు. గుడివాడలో సంక్రాంతికి బండలాగుడు చూశావా అని అడిగాను. చూశాడట. ‘రెండు పళ్ల జత చేత సీనియర్స్ బండ లాగిస్తారా?’ అన్నాను. నవ్వాడు. ‘లాగినా లాగుద్దేమో బాబాయ్, ఆ ఒక్కరోజు.’ తెలివైనవాడే.

చట్టం గురించి కూడా చెప్పాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద ఇంజను మార్చాలన్నా ముందు అనుమతి కావాలి. కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా మార్చిన బండి చెల్లదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు అంది. అదే ఏడు సవరణలో ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. నేను కుర్రతనంలో చేసిన మెటాడోర్ అంబాసిడర్లన్నీ ఇప్పుడైతే కేసులే. ప్రమాదమైతే ఇన్సూరెన్సు వాడు మొదట చూసేది కూడా అదే. వేగం మీద అంత మోజుంటే ట్రాక్ రోజులుంటాయి, మద్రాసు పో, కోయంబత్తూరు పో, డబ్బు కట్టి నడుపు. మద్రాసుకైతే ఇక్కణ్ణించి ఒక రాత్రి ప్రయాణం.

మా నేల సంగతి ఈ ఫోన్లో వీడియోలకి తెలియదు. నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది. దాని మీద వేసిన తారు అలలు తేలుతుంది. సగం రోడ్లు కాలవగట్ల మీద. డిసెంబరు, జనవరుల్లో రోడ్డు పొడుగునా వడ్లు ఆరబోస్తారు. గింజల మీద టైరు గోళీల మీద జారినట్టు జారుతుంది. బండి రెండంగుళాలు కిందికి దించి తీసుకొస్తే మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే సంపు గీసుకుంటుంది. ఆ సంపులోంచి కారే ఆయిలు మాత్రం నల్లగానే ఉంటుంది.

బండి జాకీ మీద లేపి కుర్రాణ్ణి కిందికి పిలిచాను. టైరు పక్కన అచ్చు వేసిన నాలుగంకెలు చూపించాను. 1417. అంటే 2017లో పద్నాలుగో వారంలో తయారైనవి. గాట్లు లోతుగానే ఉన్నాయి, చూడ్డానికి కొత్తవే. గోరుతో నొక్కితే రబ్బరు కొయ్యలా గట్టిగా ఉంది. గాట్ల అడుగున వెంట్రుకంత పగుళ్లు. తర్వాత బ్రేకాయిల్ డబ్బా మూత తీసి చూపించాను. తేనె రంగులో ఉండాల్సింది డికాషన్‌లా ఉంది. వాడు ఫోను లైటు వేసి మిగతా మూడు టైర్ల అంకెలూ తనే చదివాడు. మూడూ అవే.

‘నాకు లైసెన్సు రాకముందువి బాబాయ్ ఇవి’ అన్నాడు.

నాలుగు టైర్లకీ అక్కడే ఫోనులో ఆర్డరు పెట్టాడు. బ్రేకాయిల్ నేను మార్చాను. సైలెన్సర్ డబ్బా డిక్కీలోనే ఉండిపోయింది, టేపు విప్పకుండా. సంక్రాంతికొస్తాను, అప్పుడు మాట్లాడదాం అని వెళ్లాడు. పామర్రు రోడ్డెక్కేదాకా విన్నాను. మెల్లిగానే పోయాడు.