పాత వాహనాల కొలమాన యంత్రాలు: విడదీత, పునరుద్ధరణ, చారిత్రక సాక్ష్యం

ఉపోద్ఘాతం

మోటారు వాహనాల చరిత్ర రాసేవారు సాధారణంగా ఇంజను మీద, నిర్మాణ సంస్థల పత్రాల మీద ఆధారపడతారు. చోదకుని ఎదుట అమర్చిన స్పీడోమీటరు, చమురు పీడన మాపకం, ఉష్ణోగ్రతా మాపకం వంటివాటిని అలంకారాలుగా చూడడమే పరిపాటి. కాని తయారైన నాటి శాస్త్ర పరిజ్ఞానానికి, వాహనం తిరిగిన దూరానికి, తరువాతి మరమ్మతులకు అవి సాక్ష్యాలు. వాటిని విప్పి బాగుచేసే ప్రతిసారీ ఆ సాక్ష్యంలో కొంత బయటపడుతుంది, కొంత చెరిగిపోతుంది. ఈ రెంటి మధ్య సమతూకాన్ని పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

నిర్మాణ సూత్రాలు

ఒట్టో షుల్జ్ 1902లో పేటెంటు పొందిన స్పీడోమీటరులో, చక్రాల వేగానికి అనుగుణంగా తిరిగే కేబుల్ ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దానిని తాకకుండా అమర్చిన లోహపు గిన్నెలో ఎడ్డీ విద్యుత్ప్రవాహాలు పుట్టి, గిన్నెను అదే దిశలో లాగుతాయి. వెంట్రుకంత సన్నని స్ప్రింగు ఆ లాగుడును ఎదిరిస్తుంది. ఈ రెండు బలాలు సమానమైన చోట ముల్లు నిలుస్తుంది. చమురు పీడన మాపకానికి మూలం యూజీన్ బూర్డాన్ 1849లో రూపొందించిన వంపు గొట్టం. పీడనం పెరిగేకొద్దీ ఆ వంపు విచ్చుకుంటుంది. అనేక పాత ఉష్ణోగ్రతా మాపకాల్లోనూ ఇదే గొట్టం ఉంటుంది. అక్కడ దానిని కదిలించేది సన్నని రాగి నాళంలో బంధించిన ఈథర్ ఆవిరి.

విడదీతలో చెరిగే ఆధారాలు

యంత్రం ఇంత సున్నితమైనది కనుక విప్పే క్రమానికి ప్రాధాన్యం ఉంది. అద్దాన్ని పట్టి ఉంచే లోహపు కడియాన్ని బలవంతంగా ఊడదీస్తే మడత అంచు చిట్లుతుంది. ముల్లును ఒక పక్క నుంచి పైకి ఎత్తితే ఇరుసు వంగుతుంది. చాలా స్పీడోమీటర్లలో ముల్లు ఒక చిన్న మేకుకు ఆని ఆగుతుంది. దానిని మేకు దాటించి వదిలితే సున్నాకు దిగువన ఎక్కడ నిలుస్తుందో, అదే స్ప్రింగు బిగువుకు గుర్తు. ఆ కోణాన్ని నమోదు చేయకుండా ముల్లును తీస్తే, యంత్రాన్ని తిరిగి సరిచూడడానికి ఉన్న ముఖ్యమైన ఆధారం పోయినట్లే.

డయల్ విషయమూ అంతే. స్మిత్స్ సంస్థ తయారుచేసిన అనేక స్పీడోమీటర్ల డయల్ మీద, సంకేతసంఖ్యతో పాటు మైలుకు కేబుల్ ఎన్ని చుట్లు తిరగాలో తెలిపే అంకె చిన్నగా ఉంటుంది. ఆ డయల్ ఏ గేరు నిష్పత్తి గల వాహనానికి ఉద్దేశించినదో దాని ద్వారా తెలుస్తుంది. పాత సిరా తడి దూదికి కూడా ఊడిరావచ్చు. కొత్తగా అచ్చువేసిన డయల్‌లో ఆ అంకె లోపిస్తే, చూపుకు అందం పెరిగినా ఆధారం నశిస్తుంది.

భారతదేశంలో ఈ అంశానికి మరో కోణం ఉంది. 1956 నాటి తూనికలు కొలతల ప్రమాణాల చట్టంతో దేశం దశలవారీగా మెట్రిక్ పద్ధతికి మారింది. మైళ్ల డయల్ ఆ మార్పుకు ముందునాటి వ్యవహారాన్ని గుర్తుచేస్తుంది. వాడకం సౌలభ్యం కోసం దాని మీద కిలోమీటర్లు అచ్చువేయడమంటే ఆ జ్ఞాపకాన్ని చెరిపివేయడమే. ఓడోమీటరును సున్నాకు తిప్పడం కూడా ఇటువంటిదే.

రేడియం సమస్య

చీకటిలో మెరిసే కొన్ని పాత డయళ్ల మీద రేడియం, జింక్ సల్ఫైడ్ కలిపిన రంగు పూసేవారు. కుంచె మొనను పెదవులతో సన్నం చేస్తూ ఈ రంగు వేసిన అమెరికా మహిళా కార్మికులు దవడ ఎముకలు కుళ్లి, రక్తహీనతతో మరణించారు. న్యూజెర్సీలో ఐదుగురు బాధితులు వేసిన దావా 1928లో రాజీతో ముగిసింది. జింక్ సల్ఫైడ్ కొన్ని దశాబ్దాల్లో క్షీణించి మెరుపు ఆగిపోతుంది. రేడియం-226 అర్ధజీవితకాలం మాత్రం సుమారు 1600 సంవత్సరాలు. అందువల్ల మెరవని డయల్ నిరపాయకరమని భావించడం పొరపాటు. ఆ రంగును గీకితే లేచే ధూళి శ్వాసతో లోపలికి చేరుతుంది. రేడియోధార్మికతను కొలిచే పరికరంతో ముందుగా పరీక్షించడం, అనుమానం ఉన్నప్పుడు విప్పకుండా నిపుణులకు అప్పగించడం తప్పనిసరి. ఇక్కడ మనిషి ఆరోగ్యానికీ చారిత్రక సాక్ష్యానికీ మేలు చేసే మార్గం ఒక్కటే: పూతను ముట్టకపోవడం.

ముగింపు

చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ఆమోదించిన టురిన్ చార్టర్ పరిరక్షణను, పునరుద్ధరణను వేరుచేసి చూపింది. జరిగిన పనిని నమోదు చేయాలని కూడా సూచించింది. అయితే రోడ్డు మీద తిరిగే వాహనానికి పనిచేసే స్పీడోమీటరు అవసరం. ఆ అవసరాన్ని కాదనడం పరిరక్షణ అనిపించుకోదు. అసలు యంత్రం విలువైనదైతే దానిని భద్రపరచి, నడిపే వాహనంలో మరొకదానిని అమర్చడం సముచితం. విప్పక తప్పనప్పుడు ఛాయాచిత్రాలు, కొలతలు, మార్చిన భాగాల జాబితా వాహనంతో పాటే ఉండాలి. తీసిన భాగాలను పారవేయకూడదు. విడదీత ఒకవిధంగా పత్రాన్ని చదవడమే. కాని తొలిసారి విప్పినప్పుడు కనిపించిన స్థితి మళ్లీ దొరకదు. అందుచేత పనిముట్టు కంటే ముందు కలం చేతిలోకి రావాలి.