సీమగడపకు వచ్చిన యుద్ధము

రెండవ ప్రపంచయుద్ధకాలమున మన కర్నూలు, కడప మండలములలో ఒక్క బాంబైనను పడలేదు. శత్రుసైనికుడెవ్వడును పెన్న దాటలేదు, తుంగభద్రలో దిగలేదు. అయినను ఆ యుద్ధము మన గడపలోనికి వచ్చెను. అది ఏ త్రోవను వచ్చెనో, పోవుచు మనకేమి మిగిల్చెనో ఈ రజతోత్సవ సంచికాముఖమున పాఠకమహాశయులకు విన్నవించుట నా యుద్దేశము.

1939 సెప్టెంబరు 1వ తేదీన జర్మనీ పోలెండుపై దండెత్తెను. 3వ తేదీన బ్రిటను యుద్ధము ప్రకటించినది. నాడే వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశము కూడ యుద్ధమున నున్నదని చాటెను. ఈ దేశపు ప్రతినిధుల నొక్కమాటయైనను అడుగలేదు. అందుకు నిరసనగా కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా లిచ్చినవి. మద్రాసులో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము అక్టోబరు నెలలోనే తొలగెను. యుద్ధము ముగియునాటికి భారతసైన్యము ఇరువదియైదు లక్షలకు పెరిగెను.

మనకు యుద్ధపు వేడి తగిలినది బర్మానుండి. 1937 వఱకు బర్మా భారతదేశముతోడి పాలనలోనిదే. రంగూను రేవునందును, బియ్యపు మిల్లులందును విశాఖ, గోదావరి మండలముల తెలుగు కూలీలు వేలకొలది పాటుపడుచుండిరి. 1941 డిసెంబరు 23న రంగూనుపై జపానువారి బాంబులు పడెను. 1942 మార్చి 8న ఆ పట్టణము వారి వశమయ్యెను. నాలుగు లక్షలకు పైగా భారతీయులు ఓడలమీదను, అడవిదారులవెంటను స్వదేశమునకు తరలివచ్చిరి. త్రోవలో రోగములచేతను, ఆకలిచేతను కూలినవా రనేకులు. ఏప్రిలు 6న విశాఖపట్టణము, కాకినాడలపై సైతము బాంబులు పడెను.

"అది సముద్రతీరపు మాట, మెట్టసేద్యము నమ్మిన మనకేమి?" అని యెవరైన నడుగవచ్చును. యుద్ధమునకు ముందు బర్మానుండి ఏటా పదిలక్షల టన్నులకు పైబడి బియ్యము ఈ దేశమునకు దిగుమతియగుచుండెను. ఆ ధాన్యము ఒక్కసారిగా ఆగిపోయెను. మన యింట నిత్యము సంగటియే. వరియన్నము పండుగనాటి మాట. కాని బియ్యము దొరకనివాడు జొన్నకొఱకు చేయి చాచును. జొన్న ప్రియమైనచో కొఱ్ఱయు, సజ్జయు దానివెంట నడచును. యుద్ధారంభమునుండి సమాప్తివఱకు దేశమున ధరలు రెండింతలకు మించినవి. గింజలు మిగిలిన ఆసామికి అది లాభమే. గింజలుగా కూలి పుచ్చుకొన్నవాడు కొంత నిలద్రొక్కుకొనెను. డబ్బుగా కూలి పుచ్చుకొన్నవాని రూపాయి మాత్రము సగమై పోయెను. బర్మా నూనెబావులును చేజారుటతో కిరోసిను కరవయ్యెను. దీపము వెలిగించుటయే కష్టమైన యింట పుస్తకము మాట యేమి చెప్పవలెను?

1943లో వంగదేశమున కఱవు ముప్పది లక్షలమంది వఱకు బలిగొన్నదని అంచనా. అక్కడ ఫిరంగి మ్రోగలేదు. ధరల పెరుగుదల, తుపాను, సర్కారు అలసత్వము చాలినవి. ఆ భీతితోనే పట్టణములందు రేషను పద్ధతి వచ్చినది. 1945లో యుద్ధము ముగిసినను కంట్రోలు ముగియలేదు. మద్రాసు రాష్ట్రమున దానిని 1952 జూనులో ఎత్తివేసిరి. ఆ యేడే మన సీమలో వానలు లేక గంజికేంద్రములు తెఱవవలసి వచ్చెను.

యుద్ధకాలమున జరిగిన మేలొకటి కూడ చెప్పవలెను. సర్ ఆర్థరు కాటను కాలమునుండి నలుగుచున్న తుంగభద్ర పథకముపై 1944లో మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వములకు ఒడంబడిక కుదిరెను. దూరదేశపు ధాన్యమును నమ్మరాదని తెలిసివచ్చిన కాలమది. 1945 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగెను. 1953 జూలైలో కాలువకు నీరు వదలిరి. దిగువకాలువవలన ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల మెట్టచేలకు తడి తగిలినది. అయితే పూడికవలన జలాశయపు ఇముడు తగ్గినది. వాన తప్పిన యేట కాలువ చివరి రైతు నేటికిని ఆకాశమువంకనే చూచుచున్నాడు.

మన సమ్మతి లేకయే మొదలైన యుద్ధమునకు మన కూలివాడు తన కంచములోని ముద్దతో పన్ను కట్టెను. ఈ లెక్క ఏ విజయస్తంభముమీదను చెక్కబడి లేదు. నాటి పదేండ్ల బాలుడు బ్రదికియున్నచో నేడు తొంబదియేండ్లు దాటినవాడు. అట్టివారు మన గ్రామములలో ఏ కొందఱో మిగిలియుందురు. యువకులారా, వారి చెంత కూర్చుండి, కంట్రోలు దినములలో ఏమి తినిరో, ఏమి అమ్ముకొనిరో అడిగి వ్రాసికొనుడు. ఆ కాగితములను ఈ గ్రంథాలయపు బీరువాలో భద్రపఱచుడు. స్వర్ణోత్సవమునాటికి వాటిని చదువువారుందురు, చెప్పువా రుండరు.