కిరాణా కొట్టు పేరు పెట్టుకున్న కోపం

మాలో చాలామందిమి ముందు విన్నది ఆ పాటే. ఆశా భోంస్లే మీద ఇంగ్లండులో కట్టిన పాట. మధ్యలో మహమ్మద్ రఫీ పేరు వినబడగానే చెవులు నిక్కబొడుచుకున్నాం. మా అమ్మీ అబ్బాలు రేడియో ముందు కూచుని విన్న గొంతుని తెల్లవాళ్ళ దేశంలో తలుచుకుంటున్నారని మురిసిపోయాం. 'బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశా' 1997లో వచ్చింది. నార్మన్ కుక్ దాన్ని రీమిక్స్ చేశాక 1998 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. ఇంగ్లండంతా దానికి చిందేసింది. పాడిన బృందం పేరు కార్నర్‌షాప్.

ఇంగ్లండు చిందెయ్యని రికార్డు ఒకటి వాళ్ళకుంది. 1994 జనవరిలో వచ్చిన మొదటి ఆల్బమ్ 'హోల్డ్ ఆన్ ఇట్ హర్ట్స్'. ఆగండి, నొప్పిగా ఉంది అని ఒక అర్థం. నొప్పిగా ఉన్నా పట్టు వదలొద్దు అని ఇంకో అర్థం. దాన్ని గురించి రాసినవాళ్ళు తక్కువ, విన్నవాళ్ళు ఇంకా తక్కువ. మేం మాట్లాడదలుచుకున్నది దాని గురించే. ఎందుకంటే ఒక జాతిని ప్రేమించేవాళ్ళు ఏ పాట గుర్తు పెట్టుకున్నారన్నదే కాదు, ఏ పాట మరిచిపోయారన్నదీ చరిత్రే.

పేరు దగ్గర మొదలుపెడదాం. కార్నర్‌షాప్ అంటే వీధి మలుపులో ఉండే చిన్న కిరాణా కొట్టు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కూలీలు చాలక బ్రిటన్ తన పాత వలసల నుంచి మనుషుల్ని రానిచ్చింది. పంజాబు, మీర్‌పూర్, సిల్హెట్, గుజరాత్ నుంచి వెళ్ళారు. బట్టల మిల్లుల్లో, ఫౌండ్రీల్లో రాత్రి షిఫ్టులు చేశారు. మిల్లులు మూతపడ్డాక కొందరు కొట్లు పెట్టుకున్నారు. పొద్దున్నే తలుపు తీసి, రాత్రి పొద్దుపోయేదాకా కూచున్నారు. ఆ కొట్టుకి తెల్లవాడు పెట్టిన పేరు 'పాకీ షాప్'. తెలుగులో ఆ మాటకి వేరే అర్థం ఉంది. అదీ మనిషిని అతని పనితో, పుట్టుకతో తొక్కిన మాటే. అక్కడ అది పాకిస్తాన్‌ని కురచ చేసి చేసిన తిట్టు. కానీ తిట్టేవాడికి భూగోళం అక్కర్లేదు. జలంధర్ సిక్కు, కంపాలా నుంచి వచ్చిన గుజరాతీ హిందువు, సిల్హెట్ ముస్లిం అందరూ పాకీలే. 1976లో సౌత్‌హాల్‌లో గుర్‌దీప్ సింగ్ చగ్గర్‌ని చంపారు. 1978లో వైట్‌చాపెల్‌లో అల్తాబ్ అలీని చంపారు. ఒకరు సిక్కు, ఒకరు ముస్లిం. కత్తి మతం అడగలేదు.

ఈ బృందం పాటగాడు తజిందర్ సింగ్ 1968లో వుల్వర్‌హాంప్టన్‌లో పుట్టాడు. ఆ ఊరు పేరు, ఆ సంవత్సరం రెండూ గుర్తుంచుకోదగ్గవి. ఆ ఊరి ఎంపీల్లో ఒకడు ఈనాక్ పావెల్. అదే ఏడాది ఏప్రిల్ 20న బర్మింగ్‌హామ్‌లో ఆయన వలసల మీద చేసిన ప్రసంగం 'నెత్తుటి నదులు' పేరుతో చరిత్రకెక్కింది. అప్పుడే వుల్వర్‌హాంప్టన్‌లో సిక్కు బస్సు కార్మికులు తలపాగా, గడ్డంతో డ్యూటీ చేసే హక్కు కోసం పోరాడుతున్నారు. 1969 ఏప్రిల్‌లో గెలిచారు. తలమీద గుడ్డ కోసం, ముఖం మీద వెంట్రుకల కోసం ఒక పూర్తి పోరాటం! టోపీ చూసి, గడ్డం చూసి లెక్కలు కట్టే చూపుల కింద బతికే మాకు ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు.

బృందం 1991లో లెస్టర్‌లో తయారైంది. ఈ ఊరికీ ఒక చరిత్ర ఉంది. 1972లో ఇదీ అమీన్ ఉగాండా నుంచి ఆసియా వాళ్ళని వెళ్ళగొట్టినప్పుడు, దయచేసి మా ఊరు రావద్దని లెస్టర్ నగరపాలక సంస్థ ఉగాండా పత్రికలో ప్రకటన వేయించింది. వాళ్ళు వచ్చారు. ఊరు నిలబెట్టారు. ఆ ఊళ్ళో తజిందర్, అతని అన్నదమ్ముడు అవతార్, స్నేహితులు బెన్ ఎయిర్స్, డేవిడ్ చాంబర్స్ కలిసి తమ బృందానికి కార్నర్‌షాప్ అని పేరు పెట్టుకున్నారు. ఎగతాళిని ఎత్తి బోర్డుగా కట్టుకున్నారు. అవును, కొట్టువాళ్ళమే, అయితే ఏంటట అన్నారు.

1992లో మారిసీ సంగతి జరిగింది. స్మిత్స్ బృందంలో పాడి పేరు తెచ్చుకున్నవాడు. ఒంటరి పిల్లలకి ఆరాధ్యుడు. తనూ ఐరిష్ వలస కుటుంబం బిడ్డే. 1988లో ఒక బెంగాలీ యువకుడి మీద అతను పాడిన పాట, నువ్విక్కడివాడివి కావని మెత్తగా చెబుతోందని అప్పుడే విమర్శ వచ్చింది. 1992 ఆగస్టులో లండన్ ఫిన్స్‌బరీ పార్కు కచేరీలో, గుండు పిల్లల బొమ్మ తెర ముందు, బ్రిటన్ జెండా కప్పుకుని నిలబడ్డాడు. ఆ జెండా అంతకు ముందు నేషనల్ ఫ్రంట్ ఊరేగింపుల్లో ఎగిరిన జెండా. కార్నర్‌షాప్ కుర్రాళ్ళు ఈఎంఐ కంపెనీ ఆఫీసు ముందుకెళ్ళి అతని బొమ్మ తగలబెట్టారు. 1989లో బ్రాడ్‌ఫర్డ్‌లో రష్దీ నవల తగలబెట్టాక, ఆసియా వాడి చేతిలో అగ్గిపుల్లకి ఆ దేశంలో ఒకటే అర్థం మిగిలింది. పుస్తకం తగలబెట్టడాన్ని మేం సమర్థించం. కానీ జెండా కప్పుకున్నవాడిది కళ, దానికి నొచ్చుకున్నవాడిది ఛాందసం అనే లెక్కనీ ఒప్పుకోం. 2019లో అదే గాయకుడు 'ఫర్ బ్రిటన్' అనే ఇస్లాం వ్యతిరేక పార్టీ బ్యాడ్జీ పెట్టుకుని అమెరికా టీవీలో పాడాడు. కుర్రాళ్ళు 27 ఏళ్ళ ముందే పసిగట్టారు.

వీళ్ళ రికార్డులు వేసింది వీజా అనే చిన్న లేబుల్. పెద్ద కంపెనీల గడప తొక్కకుండా ఇలాంటి లేబుళ్ళ మీద పాటలు తెచ్చే దారినే అక్కడ 'ఇండీ' అంటారు. లండన్‌లో రఫ్ ట్రేడ్ అనే రికార్డుల దుకాణం పిన్‌కోడులోని ఒకట్లని ఇంగ్లీషు 'ఐ' అక్షరాలుగా చదివితే ఆ పేరు వస్తుంది. మా చెవికి వీసాలా వినిపిస్తుంది. వలస బిడ్డల గొంతుకి ఆ దుకాణమే వీసా ఇచ్చిందనుకోవచ్చు. 1993లో వచ్చిన వాళ్ళ మొదటి చిన్న రికార్డుని కూర రంగు ప్లాస్టిక్కు మీద అచ్చు వేశారు. మీ నుంచి కూర వాసనొస్తుంది అన్నవాళ్ళ చేతికే ఆ రంగు రికార్డు!

ఇక ఆల్బమ్. గిటార్లు గీరుకుంటాయి. డ్రమ్ము తోసుకొస్తుంది. ఆ రొదలోంచి సితార్ తల ఎత్తుతుంది. ఇది హోటళ్ళలో భోజనం దగ్గర వేసే సితార్ కాదు, అగరుబత్తి సితార్ కాదు. గిటారుతో సమానంగా గొడవ పడే సితార్. వీళ్ళకి వాయించడం రాదన్నారు. నిజమే, గరుకుగా ఉంటుంది. నొప్పి ఎప్పుడు నున్నగా ఉంది?

పాటల పేర్లే చూడండి. మొదటి పాట పేరులో ఇద్దరు మనుషుల్ని పక్కపక్కన నిలబెట్టారు. ఒకరు జేసన్ డోనవాన్, ముద్దొచ్చే తెల్ల పాప్ గాయకుడు. రెండోవారు టెస్సా శాండర్సన్, జమైకాలో పుట్టి అదే వుల్వర్‌హాంప్టన్‌లో పెరిగి, 1984 ఒలింపిక్స్‌లో జావెలిన్ విసిరి బ్రిటన్‌కి బంగారు పతకం తెచ్చిన నల్ల స్త్రీ. పోస్టర్లు ఎవరివి గోడల మీద ఉంటాయో మనకి తెలుసు. ఇంకో పాట పేరుకి అర్థం, ఈ సంగతులు నీకెవరు చెప్పారు అని. మరో పాట పేరుకి అర్థం, నా భాష నన్ను చిక్కుల్లో పడేస్తుందని నువ్వెప్పుడూ అనేవాడివి అని. ఇంట్లో ఒక జుబాన్, బడిలో ఒక భాష, బయట నోరు మూసుకోవడం. ఈ మూడూ తెలిసినవాళ్ళకి ఆ పేరు ఒక్కటి చాలు.

ఈ ఆల్బమ్ విన్నాకే అమెరికాలో డేవిడ్ బైర్న్ వీళ్ళని తన లేబుల్లోకి తీసుకున్నాడు. 1995లో వచ్చిన రెండో ఆల్బమ్ పంజాబీ పాటతో మొదలవుతుంది. ఆ తర్వాతే ఆశా పాట, నంబర్ వన్, కీర్తి. మంచిదే. ఆ పాట మాకూ ఇష్టమే. కానీ దాని వెలుగులో మొదటి ఆల్బమ్ చీకట్లోకి పోయింది. 1997 నాటికి బ్రిటన్ జెండా మళ్ళీ గిటార్ల మీదకొచ్చి ఫ్యాషనైంది. 2001లో విదేశాంగ మంత్రి రాబిన్ కుక్, చికెన్ టిక్కా మసాలా బ్రిటన్ జాతీయ వంటకమన్నాడు. కూర జాతీయమైంది. కూర వండినవాడి కోపం జాతీయం కాలేదు.

ఇక్కడే ఆ రికార్డు మాకు దగ్గరవుతుంది. మా బిర్యానీ అందరికీ కావాలి. ఖవ్వాలీ కావాలి, గజల్ కావాలి, పీర్ల పండగ ఫొటోలు కావాలి. మేం తీపిగా ఉన్నంతసేపు మిశ్రమ సంస్కృతి అంటారు. గొంతు పెంచితే మతం అంటారు. సాయిబు పాడాలి, అరవకూడదు. మమ్మల్ని ప్రేమించే లౌకికవాద మిత్రుల్ని కూడా మేం అడిగేది ఒకటే. మా రఫీని విన్నట్టే మా రొదనీ వినండి.

కార్నర్‌షాప్ మొదటి ఆల్బమ్ వెతికి వినండి. నచ్చకపోవచ్చు. సితార్ చెవిలో గుచ్చుకోవచ్చు. అక్కడ ఆపెయ్యకండి. ఆ గుచ్చుకునేదే వాళ్ళు చెప్పదలుచుకున్నది.