207వ రాత్రి: కలలో ఎరుకను సాధించినవారి ఓపిక చరిత్ర

కల కంటూ ఉండగానే "ఇది కల" అని తెలిసిపోవడం చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు అనుభవమే. పరీక్ష హాలులో ప్రశ్నపత్రం ముందు చెమటలు పడుతుండగా, "నా చదువు ముగిసి ఎన్నో ఏళ్లయింది కదా, ఈ పరీక్ష ఏమిటి?" అన్న సందేహం కలుగుతుంది. ఆ సందేహంతోనే భయం సడలిపోతుంది. దీనిని ఆంగ్ల వైద్య పరిభాషలో లూసిడ్ డ్రీమ్ అంటారు. మనం ఎరుక గల కల అనుకుందాం. యాభై ఏళ్ల అధ్యయనాలను కలిపి పరిశీలించి 2016లో ప్రచురించిన ఒక సమీక్ష ప్రకారం, సుమారు 55 శాతం మందికి జీవితంలో ఒక్కసారైనా ఇటువంటి కల వస్తుంది. నెలకు ఒకసారైనా వచ్చేవారు సుమారు 23 శాతం.

దానంతట అది రావడం వేరు, కోరి తెచ్చుకోవడం వేరు. నేర్చుకోవాలని ఉత్సాహంగా మొదలుపెట్టినవారు రెండు మూడు వారాలు గడిచేసరికి "ఇది నావల్ల అయ్యే పని కాదు" అని విరమించుకుంటారు. మరికొందరు పంతానికి పోయి నిద్ర పాడుచేసుకుంటారు. పాఠకులారా, ఈ రెండూ అవసరం లేదని చెప్పడానికి వైద్యశాస్త్రం కంటే ముందు చరిత్రే మనకు సాక్ష్యమిస్తుంది.

ప్రాచీనులు ఎరిగినదే

క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలోనే అరిస్టాటిల్, నిద్రించేవానికి తాను చూస్తున్నది కల మాత్రమేనని లోలోపల తెలియడం కద్దని రాశాడు. క్రీ.శ. 415లో సెయింట్ అగస్టీన్ ఒక లేఖలో జెన్నాడియస్ అనే వైద్యుని కలను వివరించాడు. కలలో కనిపించిన ఒక యువకుడు, "ఇప్పుడు నీ శరీరం ఎక్కడ ఉంది?" అని అడిగితే, "నా పడకపై" అని ఆ వైద్యుడు బదులిచ్చాడట. మన పతంజలి యోగసూత్రాలు కూడా స్వప్నంలోనూ నిద్రలోనూ కలిగే జ్ఞానాన్ని చిత్తస్థైర్యానికి ఒక ఆలంబనగా పేర్కొన్నాయి. టిబెట్ బౌద్ధులు నారోపా పేరిట చెప్పుకునే ఆరు యోగాలలో స్వప్నయోగం ఒకటి.

అయితే నేర్చుకునేవానికి కావలసిన లెక్క, అంటే ఎన్ని రాత్రుల సాధనకు ఎంత ఫలితం అన్నది, ఈ వాక్యాలలో దొరకదు. ఆ లెక్క కోసం మనం పందొమ్మిదో శతాబ్దపు ఫ్రాన్సుకు వెళ్లాలి.

ఒక బాలుడు, 22 నోటుపుస్తకాలు

1822లో పారిస్‌లో జన్మించిన హెర్వే ద సెయింట్ డెనీ తరువాతి కాలంలో చైనా భాషా సాహిత్యాలలో పండితుడై, కోలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆచార్యుడయ్యాడు. పదమూడేళ్ల వయసులో, ఒంటరిగా ఇంట్లో చదువుకునే రోజులలో, అతడు ఒక వింత కలను బొమ్మ గీసి కింద వివరం రాసుకున్నాడు. ఆ పని అతనికి నచ్చింది. మరునాడూ రాశాడు. అలా 1,946 రాత్రుల కలలు రంగు బొమ్మలతో సహా 22 నోటుపుస్తకాలకు ఎక్కాయి.

ఇక్కడ కాస్త ఆగి గమనించండి. "ఇది కల" అన్న ఎరుక అతనికి మొదటిసారి కలిగింది 207వ రాత్రి. అంటే దాదాపు ఏడు నెలలు! నేటి సాధకుడు మూడు వారాలకే నిరాశ పడుతున్నాడు. హెర్వే ఏడు నెలలు ఎలా నిలిచాడు? అతడు ఎరుక కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. కలను గుర్తు తెచ్చుకోవడం, రాయడం, గీయడం అన్నవే అతనికి ఆనందం. ఎరుక రాని రాత్రి కూడా వృథా కాలేదు, ఎందుకంటే తెల్లవారితే ఒక పుట నిండేది. రోజూ కలలను పరిశీలించే అలవాటు ముదిరి, చివరకు ఆ పరిశీలకుడే కలలోకి ప్రవేశించాడు.

తరువాతి పురోగతి చూడండి. మరో ఆరు నెలలకు ఐదు రాత్రులలో రెండు, ఏడాదికి నాలుగింట మూడు, పదిహేను నెలలకు దాదాపు ప్రతి రాత్రీ ఎరుక కలిగిందని ఆయన రాశాడు. మొదటి మెట్టు ఎక్కడానికి పట్టిన కాలమే ఎక్కువ.

దీనివల్ల ఆయనకు కలిగిన ప్రయోజనం వైద్యులకు ముఖ్యమైనది. భయంకర రూపాలు గది తరువాత గది దాటించి తనను తరుముతున్న పీడకల ఆయనకు పదే పదే వచ్చేది. ఒకసారి ఆ కలలోనే ఎరుక కలిగింది. పారిపోవడం మాని, గోడకు వీపు ఆనించి నిలబడి, తరుముతున్న రూపాన్ని తేరిపార చూశాడు. చూస్తుండగానే దాని భీకరత్వం కరిగిపోయింది.

1867లో ఆయన ఈ అనుభవాలను, కలలను నడిపించే ఉపాయాలను ఒక గ్రంథంగా ప్రచురించాడు, అదీ తన పేరు వేసుకోకుండా! ఆ పుస్తకం ఎంత అరుదైనదంటే, కలల మీద మహాగ్రంథం రాసిన ఫ్రాయిడ్‌కు కూడా అది చేజిక్కలేదు.

పేరు పెట్టిన వైద్యుని లెక్క

లూసిడ్ డ్రీమ్ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చినవాడు ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ అనే డచ్చి మానసిక వైద్యుడు. 1913లో ప్రచురించిన తన వ్యాసంలో ఆయన నిజాయితీగా లెక్క చెప్పాడు: 1898 జనవరి నుండి 1912 డిసెంబరు వరకు ఎరుక గల కలలు 352. వినడానికి ఇది పెద్ద సంఖ్య. కాని పదిహేనేళ్లకు పంచి చూస్తే నెలకు రెండు! ఈ విద్యకు పేరు పెట్టినవానికి దక్కింది సగటున అంతే. నెలకు ఒక్కసారే వచ్చిందని చిన్నబుచ్చుకునేవారు ఈ భాగహారం ఒకసారి చేసి చూసుకోవాలి.

ఆయన మరొక సంగతి కూడా గుర్తించాడు. అటువంటి కలలన్నీ ఉదయం ఐదు, ఎనిమిది గంటల మధ్యనే వచ్చాయి. కారణం ఆనాటికి తెలియదు. 1953లో చికాగో విశ్వవిద్యాలయంలో అజరిన్‌స్కీ, క్లైట్‌మన్ కనుగుడ్లు వేగంగా కదిలే నిద్రాదశను, అంటే రెమ్ నిద్రను, వర్ణించిన తరువాత అది బోధపడింది. స్పష్టమైన కలలు ఎక్కువగా ఈ దశలో వస్తాయి. రాత్రి గడిచేకొద్దీ ఈ దశ నిడివి పెరుగుతూ, తెల్లవారుజామున అత్యధికమవుతుంది. కాబట్టి ఆలస్యంగా పడుకుని పెందరాళే లేచేవాడు సాధనకు అనువైన వేళనే పోగొట్టుకుంటున్నాడు. ఎరుకకు మొదటి పెట్టుబడి కంటినిండా నిద్ర.

ప్రయోగశాలలో రుజువు

నిద్రపోతున్న మనిషికి ఎరుక ఉంటుందంటే శాస్త్రవేత్తలు చాలాకాలం నమ్మలేదు. 1975 ఏప్రిల్‌లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ అనే పరిశోధకుడు, అలన్ వర్స్‌లీ అనే స్వచ్ఛంద సేవకుని సాయంతో దీనిని రుజువు చేశాడు. రెమ్ నిద్రలో శరీర కండరాలు చచ్చుబడినట్లు ఉన్నా, కనుగుడ్లు కదులుతాయి. కలలో ఎరుక కలగగానే ముందుగా అనుకున్న ప్రకారం కళ్లను కుడిఎడమలకు తిప్పి సంకేతం పంపాలని ఏర్పాటు. ఆ సంకేతం యంత్రంపై నమోదయింది. అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ లాబెర్జ్ కూడా స్వతంత్రంగా ఇదే సాధించి 1981లో ప్రచురించాడు.

లాబెర్జ్ తన మీద తానే చేసుకున్న ప్రయోగం మనకు మరింత ఉపయోగకరం. కేవలం గట్టిగా సంకల్పించుకుని పడుకున్న నెలల్లో సగటున 5 ఎరుక కలలు వచ్చాయి. ఒక పద్ధతిని అలవరచుకున్నాక అవి 20 దాటాయి. పద్ధతి ఇది: తెల్లవారుజామున కల నుండి మెలకువ రాగానే ఆ కలను నెమరు వేసుకోవాలి. "మళ్లీ కల వచ్చినప్పుడు అది కల అని గుర్తుంచుకుంటాను" అని అనుకుంటూ, ఆ కలలోనే తనకు ఎరుక కలిగినట్లు ఊహించుకుంటూ నిద్రలోకి జారాలి. దారిలో మందుల దుకాణం కనబడగానే మాత్రలు కొనాలని గుర్తు పెట్టుకోవడం వంటిదే ఇది.

ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 2017లో వెలువడిన అధ్యయనంలో, ఐదు గంటల నిద్ర తరువాత లేచి ఈ పద్ధతిని, మరికొన్ని అభ్యాసాలను కలిపి వారం రోజులు చేసినవారికి సుమారు 17 శాతం ప్రయత్నాలు ఫలించాయి. అంటే సరిగ్గా చేసినా ఆరింట ఐదు రాత్రులు ఏమీ జరగదు! అది వైఫల్యం కాదు, ఈ విద్య స్వభావమే అంత. మళ్లీ ఐదు నిమిషాలలోపే నిద్రపట్టినవారిలో ఫలితం ఎంతో మెరుగు. ఆత్రపడి కళ్లు మూసుకుని కాపలా కాసేవారికంటే, హాయిగా నిద్రపోయేవారినే ఎరుక వరిస్తుందన్నమాట.

ఉత్సాహం నిలవడానికి, ఆరోగ్యం నిలవడానికి

ఈ చరిత్రను బట్టి ఒక వైద్యునిగా నేను చెప్పగలిగినది ఇది. మీ లక్ష్యం ఎరుక కల కాకూడదు, ఉదయం రాసే పుట కావాలి. మొదటిది మన చేతిలో లేదు, రెండోది ఉంది. మన చేతిలో ఉన్న పనిని లక్ష్యంగా పెట్టుకున్నవానికి నిరాశ చేరదు. తెల్లవారుజామున అలారం పెట్టి లేవడం వారానికి ఒకటి రెండు రోజులకు, అదీ మరునాడు ఆలస్యంగా లేవగలిగిన రోజులకు పరిమితం చేయండి. పగలు కునికిపాట్లు వస్తుంటే సాధన ఆపి నిద్ర తీర్చుకోండి. మద్యం రెమ్ నిద్రను అణచివేస్తుంది. కలల కోసమని అమ్మే మాత్రల జోలికి పోవద్దు.

కొందరు దీనికి దూరంగా ఉండాలి. స్కిజోఫ్రేనియా, బైపోలార్ వంటి వ్యాధులకు చికిత్స పొందుతున్నవారు తమ డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. నిద్రలో కేకలు వేస్తూ, చేతులు కాళ్లు విసురుతూ కలను నటించే పెద్దవారిని నాడీవైద్యునికి చూపించాలి. రక్తపోటుకు వాడే కొన్ని బీటా బ్లాకర్ మందుల వల్ల కూడా పీడకలలు రావచ్చు. అనుమానముంటే డాక్టరుకు చెప్పండి, మందు మాత్రం మీ అంతట మీరు మానవద్దు.

పీడకలలతో బాధపడేవారికి ఒక ధైర్యవచనం. అమెరికా నిద్రా వైద్యుల సంఘం 2018లో పీడకలల చికిత్సకు, కల ముగింపును మెలకువలో మార్చి ఊహించుకునే పద్ధతిని సిఫారసు చేసింది. ఎరుక కలల శిక్షణను కూడా ఉపయోగించదగిన చికిత్సలలో చేర్చింది. గోడకు వీపు ఆనించి నిలబడిన ఆ ఫ్రెంచి పండితుని ఉపాయానికి నేటి వైద్యంలో చోటు దక్కింది.

ఈ రాత్రి దిండు పక్కన ఒక నోటుపుస్తకం, పెన్ను పెట్టుకోండి. ఉదయం లేవగానే కదలకుండా ఒక్క నిమిషం పడుకుని, గుర్తున్నది తేదీతో సహా రాయండి. ఏమీ గుర్తు లేకపోతే "గుర్తు లేదు" అని రాయండి. అదీ ఒక రాత్రి లెక్కే.