ఆదివారం పొద్దున తొమ్మిదీ ముప్ఫై ఒకటి

ఫోన్ మోగలేదు. గుర్రుమంది. దిండు కింద ఒకసారి. మళ్లీ ఒకసారి. ఆ తర్వాత ఆగలేదు.

2025 సెప్టెంబర్ 20, శనివారం. టైము ఐదు కావస్తోంది. హైదరాబాద్ తార్నాకలో రెండో అంతస్తు వాటా. రాత్రి కురిసిన వాన బాల్కనీ రేకు మీద నుంచి ఇంకా టప్ టప్‌మని కారుతోంది. కరెంటు లేదు. ఆమె చీకట్లోనే తడుముకుని ఫోన్ అందుకుంది. డల్లాస్‌లో ఉన్న దోస్తు వరసగా మెసేజీలు పెట్టింది. వార్తల లింకులు, సగం సగం వాక్యాలు. అన్నిటికన్నా కింద ఒకే ప్రశ్న.

"నీ పిటిషన్ ఫైల్ అయిందా?"

లేచి కూర్చుంది. లింకు నొక్కింది. అక్కడ వాషింగ్టన్‌లో శుక్రవారం సాయంత్రమే. ఓవల్ ఆఫీసులో ట్రంప్ ఒక ఉత్తర్వు మీద సంతకం చేశాడు, పక్కన వాణిజ్య మంత్రి హోవర్డ్ లట్నిక్ నిలబడి ఉన్నాడు, అమెరికా బయట ఉన్న మనిషి కోసం కొత్తగా హెచ్-1బీ ఉద్యోగ వీసా పిటిషన్ వేస్తే ఆ సంస్థ లక్ష డాలర్లు కట్టాలన్నారు, అది ఏటా కట్టాలన్నట్టు లట్నిక్ మాట్లాడాడు, శనివారం అర్ధరాత్రి దాటి ఆదివారం 12 గంటల 1 నిమిషం నుంచి అమలన్నారు, అది వాషింగ్టన్ గడియారం ప్రకారం. వేళ్ల మీద లెక్కేసింది. తొమ్మిదిన్నర గంటలు కలపాలి. మనకు ఆదివారం పొద్దున 9:31.

ఇరవై తొమ్మిది గంటలు కూడా లేవు.

బుధవారం వచ్చిన మెయిల్ తెరిచింది. అమెరికాలో తనకు ఉద్యోగం ఇచ్చిన యూనివర్సిటీలో విదేశీ ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఆఫీసు రాసింది. పత్రాలన్నీ సిద్ధం, ఈ వారంలోనే పంపేస్తున్నాం. ఆ ఒక్క వాక్యాన్నే మళ్లీ మళ్లీ చదివింది. ఈ వారం అంటే ఎప్పుడు? గురువారమా? శుక్రవారమా?

అసలు పంపారా?

"గట్ల కూసున్నవేంది బిడ్డా?" తలుపు దగ్గర అమ్మ. చేతిలో టార్చి లైటు.

చెప్పింది. అమ్మకు సగమే అర్థమైంది. వెనకాలే నాయిన వచ్చాడు. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైన మనిషి. లెక్కలు నోటితోనే వేస్తాడు.

"లక్ష డాలర్లంటే మన పైసలల్ల ఎంత?"

"ఎనభై ఎనిమిది లక్షలు నాయినా."

"ఎవరు కట్టాలె?"

"యూనివర్సిటీ."

"కడ్తదా?"

ఆమె జవాబు చెప్పలేదు. కరెంటు వచ్చింది. ఫ్యాను కదిలింది.

ఈ ఉద్యోగం ఒక్కరోజులో వచ్చింది కాదు. ఉస్మానియాలో బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ. తర్వాత ఏళ్ల తరబడి కాంట్రాక్టు పాఠాలు, ప్రాజెక్టు ఫెలోషిప్పులు, ఏ సంవత్సరానికా సంవత్సరం ఎదురుచూపులు. ఆమె పని సజ్జల మీద. సజ్జ గింజలో ఐరన్ ఉంటుంది, కానీ అదే గింజలోని ఫైటేట్ దాన్ని పట్టి ఉంచుతుంది. ఒంటికి అందనివ్వదు. నానబెడితే, మొలకెత్తిస్తే, పులియబెడితే ఆ పట్టు ఎంత సడలుతుందన్నది ఆమె వెతుకులాట. రక్తం తక్కువై ముఖాలు పాలిపోయిన ఆడవాళ్లు నిండుగా ఉన్న దేశంలో అది చిన్న ప్రశ్న కాదు. అమెరికా మధ్య రాష్ట్రాల్లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఆ పని చూసి పిలిచింది. పరిశోధక ఉద్యోగం. జనవరిలో చేరాలి.

హెచ్-1బీ అనగానే అందరికీ లాటరీ గుర్తొస్తుంది. ఏటా 65,000, అమెరికాలో మాస్టర్స్ ఆపైన చదివినవాళ్లకు ఇంకో 20,000. యూనివర్సిటీలకు మాత్రం ఆ గొడవ లేదు. 2000లో చేసిన చట్టం వాటిని ఆ పరిమితి నుంచి తప్పించింది. ఏడాదిలో ఎప్పుడైనా పిటిషన్ వేసుకోవచ్చు. అందుకే వేసవిలో అమ్మ భయపడితే ఆమె నవ్వింది. మనకు లాటరీ లేదమ్మా, అంది.

ఈసారి ఉత్తర్వులో ఆ మినహాయింపు లేదు. వెయ్యిమంది ఇంజనీర్లను తెప్పించుకునే కంపెనీకీ, ఒక్క పరిశోధకురాలిని పిలుచుకునే యూనివర్సిటీకీ ఒకటే లెక్క. ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ల తలనొప్పి అనుకున్నవాళ్లు ఆ పొద్దున చాలామందే ఉన్నారు. వాళ్లందరిదీ పొరపాటే.

ఎనిమిదింటికి ఇల్లు వదిలింది. ఇంట్లో ఊపిరాడటం లేదు.

క్యాంపస్ తడిసి ఉంది. వాకింగ్‌కొచ్చిన ముసలివాళ్లు బురద తప్పించుకుంటూ నడుస్తున్నారు. ఎదురుగా ఆర్ట్స్ కాలేజీ. 1939 డిసెంబర్‌లో నిజాం తెరిచిన గులాబీ రాతి భవనం, వానకు రంగు ముదిరి నిలబడి ఉంది. మెట్ల దగ్గర ఆమెకు పీహెచ్‌డీ గైడుగా ఉన్న సారు. ఎప్పుడో రిటైరయ్యారు. పొద్దున నడక మాత్రం మానలేదు.

"చూశావా?" అన్నారు. చూశానంది.

ఆయన ఫోన్ కూడా ఆగడం లేదు. పాత స్టూడెంట్లు అన్ని చోట్ల నుంచీ రాస్తున్నారు. మైక్రోసాఫ్ట్, అమెజాన్, జేపీ మోర్గాన్ తమ ఉద్యోగులకు మెయిళ్లు పంపాయి: బయట ఉన్నవాళ్లు గడువులోగా తిరిగి రండి, లోపల ఉన్నవాళ్లు కదలకండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుబాయ్ విమానం ఎక్కి కూర్చున్న జనం వార్త తెలిసి దిగిపోయారు. సెలవులకు ఇంటికొచ్చినవాళ్లు టికెట్ల కోసం ఎగబడుతున్నారు. అంతకు ముందు ఏడాది ఆమోదించిన హెచ్-1బీల్లో 71 శాతం మనవాళ్లవే. అందుకే ఆ గాలివాన ముందు మన ఇళ్లనే తాకింది. ఉన్న వీసాలకు ఇది వర్తిస్తుందా లేదా? ఎవరికీ తెలియదు. రాసినవాళ్లు తేటగా రాయలేదు. ఆ రోజు జనాన్ని ఉరికించింది డబ్బు ఒక్కటే కాదు, ఆ అస్పష్టత కూడా.

సారు ఆమెను పక్కకు తీసుకెళ్లారు. "మిగతావన్నీ వదిలెయ్. నీ పిటిషన్ కవరు ఇమిగ్రేషన్ వాళ్లకు చేరిందా? కొరియర్ నంబరుందా నీ దగ్గర?"

లేదు.

అమెరికాలో అప్పుడు శుక్రవారం రాత్రి. రేపు శనివారం. ఆఫీసుకు తాళం.

మధ్యాహ్నం మళ్లీ వాన పట్టుకుంది. సాయంత్రానికి తెరిపిచ్చింది. అమ్మ మార్కెట్ నుంచి సంచినిండా పూలు తెచ్చింది. తంగేడు, గునుగు, బంతి, కట్ల. మర్నాడు పెత్రమాస. ఎంగిలిపూల బతుకమ్మ. ముందురోజే తెచ్చిన పూలకు నీళ్లు చల్లి పెట్టుకోవాలి. వంటింటి గచ్చు మీద పాత చీర పరిచి, అమ్మ ఒక్కో కట్ట విప్పుతోంది. ఇల్లంతా పచ్చి ఆకు వాసన.

ఆమె మెయిళ్లు రాస్తోంది. ఆఫీసుకు ఒకటి. డిపార్ట్‌మెంట్ హెడ్‌కు ఒకటి. ల్యాబులో తనను ఎంపిక చేసిన ప్రొఫెసర్‌కు ఒకటి. నా పిటిషన్ ఏ రోజు పంపారు? చేరిందా? దయచేసి చెప్పండి. తొమ్మిదైంది. పదకొండైంది. ఎవరూ పలకలేదు.

అర్ధరాత్రి దాటాక కబురు మారింది. వైట్‌హౌస్ ప్రెస్ సెక్రటరీ కరోలిన్ లెవిట్ ఎక్స్‌లో రాసింది. ఇది ఏటా కట్టే రుసుము కాదు, ఒక్కసారే. ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు వర్తించదు. అమెరికా ఇమిగ్రేషన్ విభాగం అధిపతి జోసెఫ్ ఎడ్లో పేరుతో ఒక మెమో కూడా బయటికొచ్చింది. ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. గడువుకు ముందే దాఖలైన పిటిషన్లకు ఈ రుసుము లేదు.

దాఖలు కావడమంటే పోస్టులో వేయడం కాదు. వాళ్ల చేతికి అందడం.

డల్లాస్ దోస్తు వెంటనే ఫోన్ చేసింది. "బతికినవే! శుక్రవారం లోపల చేరుంటే చాలు!"

చేరుంటే.

నిద్ర లేదు. నాయిన హాల్లో కుర్చీలోనే కునుకు తీస్తున్నాడు. తెల్లవారుజామున నాలుగు దాటింది. ల్యాప్‌టాప్ తెర మూలన చిన్న గుర్తు వెలిగింది. ఆఫీసులో ఆమె ఫైలు చూసే మనిషి, సెలవురోజు ఇంటి నుంచి జవాబిచ్చింది. మూడే వాక్యాలు.

శుక్రవారం సాయంత్రం కొరియర్‌కు ఇచ్చాం. సోమవారం చేరుతుంది. నాకు చాలా బాధగా ఉంది.

ఆమె ల్యాప్‌టాప్ మూయలేదు. అలాగే చూస్తూ కూర్చుంది. అమెరికా కార్మిక శాఖ ఇచ్చిన ఎల్‌సీఏ ఆమోదం, డిగ్రీ మూల్యాంకనం, సీలు కవర్లలో మార్కుల జాబితాలు, సిఫారసు లేఖలు, పదేళ్ల చదువంతా కలిసి ఒక అట్ట కవరులో పడి, ఎక్కడో ఒక గోదాంలో, శని ఆదివారాలు గడిచేదాకా కదలకుండా పడుకుని ఉంది.

ఆదివారం 9:31 అయింది. ఇంట్లో ఎవరూ గడియారం వంక చూడలేదు. నాయిన పెద్దల పేరు మీద బియ్యం, పప్పు, కూరగాయలు సంచిలో సర్దుకుని గుడికి బయల్దేరాడు. గడప దాటుతూ ఆగాడు. "ఇంకో తొవ్వ లేదా బిడ్డా?"

తోవ దొరకడానికి నెల పట్టింది.

ముందు యూనివర్సిటీ చేతులెత్తేసింది. పరిశోధక ఉద్యోగానికి లక్ష డాలర్లు ఏ పద్దులోంచి తేవాలి? అక్టోబర్ 3న శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ కోర్టులో దావా పడింది. వేసినవాళ్లలో అమెరికా విశ్వవిద్యాలయ ఆచార్యుల సంఘం కూడా ఉంది. ఆమె ఆశ పెట్టుకుంది. అక్టోబర్ 20న ప్రభుత్వం వివరణ ఇచ్చింది. అప్పటికే అమెరికాలో ఉండి, చదువు వీసా నుంచి హెచ్-1బీకి మారేవాళ్లకు రుసుము లేదు. బయట ఉన్న కొత్తవాళ్లకు ఉంది. మినహాయింపులు బహు అరుదు. అంటే దెబ్బ సరిగ్గా ఆమెలాంటివాళ్ల మీదే. ఇక్కడే చదివి, ఇక్కడే పరిశోధన చేసి, ఇక్కడి నుంచే ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ల మీద. ఇంతకన్నా అన్యాయమైన గీత గీయడం కష్టం.

ఆ వారంలోనే ల్యాబు ప్రొఫెసర్ నుంచి కాల్. "జే-1 మీద రాగలవా?"

జే-1 అంటే ఎక్స్ఛేంజ్ వీసా. పరిశోధకులకు ఐదేళ్లకు మించి ఉండదు. ఒకప్పుడు మనవాళ్లలో చాలామంది దాని మీద వెళ్తే, రెండేళ్లు తిరిగొచ్చి సొంత దేశంలో ఉండాల్సి వచ్చేది. 2024 డిసెంబర్‌లో ఆ షరతు పెట్టే నైపుణ్యాల జాబితా నుంచి భారత్‌ను తీసేశారు. అంతవరకు నయమే. కానీ 2025 జూన్ నుంచి జే-1 అడిగేవాళ్లకు ఇంకో షరతు వచ్చింది. సోషల్ మీడియా ఖాతాలన్నీ తెరిచి పెట్టాలి. ఎవరైనా చూసేలా.

ఆ రాత్రి ఆమె ఫేస్‌బుక్ తెరిచింది. కిందికి జరిపింది. ఇంకా కిందికి. 2010 జనవరి 3 నాటి ఫొటో. ఆర్ట్స్ కాలేజీ ముందు తెలంగాణ కోసం విద్యార్థి గర్జన. ఇసుకేస్తే రాలని జనం. ఆ జనంలో ఆమె. పీజీ స్టూడెంటు, పిడికిలెత్తి, నోరు తెరిచి, గొంతు చించుకుంటూ. తర్వాత ఇంకా ఉన్నాయి. రాస్తారోకోలు. క్యాంపస్‌లో పోలీసులు. ముళ్లకంచెలు.

"తీసెయ్," అంది డల్లాస్ దోస్తు. ఆ ఫొటోలో పక్కన నిలబడింది ఆ దోస్తే. "వాళ్లకేం తెలుస్తది తెలంగాణ అంటే ఏందో? పిడికిలి చూస్తరు, అంతే."

వేలు డిలీట్ మీదికి వెళ్లింది.

నాయిన వెనక నుంచి తొంగి చూశాడు. కళ్లద్దాలు సర్దుకున్నాడు. ఆ రోజుల్లో ఆయన కూడా ఊరుకోలేదు. 2011 సకలజనుల సమ్మెలో ఆర్టీసీ బస్సులు డిపోల్లోంచి కదలనప్పుడు, ఆయన డిపో గేటు ముందు కూర్చున్నాడు.

"గిది తీసేసుడెందుకు?"

"వీసా ఆగుతదేమో నాయినా."

"నువ్వేమన్న దొంగతనం చేసినవా?"

ఆమె వేలు పక్కకు జరిపింది. సెట్టింగులు. పబ్లిక్. నొక్కింది.

నవంబర్‌లో ఒక పొద్దున తండ్రీకూతుళ్లిద్దరూ తార్నాక మెట్రో ఎక్కారు. వేలిముద్రలు అంతకుముందే హైటెక్ సిటీ స్టేషన్‌లోని వీసా సెంటర్‌లో ఇచ్చేసింది. ఈసారి ఆ స్టేషన్ దాటి చివరి దాకా, రాయదుర్గం. అక్కడి నుంచి ఆటోలో నానక్‌రామ్‌గూడ. అమెరికా కాన్సులేటు లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. నాయిన చేతిలో పెట్టి వరసలో నిలబడింది. ఎండ చురుక్కుమంటోంది. ముందున్న కుర్రాడు ఫైలు మడత విప్పుతూ, మడుస్తూ, మళ్లీ విప్పుతున్నాడు. లోపల ఏసీ. అద్దం అవతల యువ అధికారి. తల ఎత్తలేదు. టకటక టైపు చేస్తోంది.

"ఏం పని చేస్తారు అక్కడ?"

సజ్జల గురించి చెప్పింది. ఐరన్ గురించి, ఫైటేట్ గురించి. టైపు ఆగింది. అధికారి మొదటిసారి తలెత్తింది.

"పులియబెడితే పోతుందా?"

"చాలావరకు పోతుంది. ఎంతన్నదే నేను చూడాలి."

మళ్లీ టైపు. చాలాసేపు. ఫొటోల సంగతి అడగలేదు. పాస్‌పోర్టు తిరిగివ్వలేదు, తన వైపు ఉంచుకుంది. వీసా ఆమోదించామంది.

రోడ్డవతల నాయిన చాయ్ బండి దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె నడక చూసే కనిపెట్టాడు. ఏమీ అడగకుండా ఫోన్ చేతికిచ్చాడు. రాయదుర్గం స్టేషన్ మెట్లెక్కేదాకా మాట్లాడలేదు.

"ఐదేండ్లేనా?"

"అంతకన్న ఎక్కువ ఉండనియ్యరు నాయినా."

ఆయన రెయిలింగు పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. "సరే. తార్నాకల దిగినంక నా బీపీ గోలీలు తీసుకుందాం. నెలవి సాలయి. మూడు నెలలయి ఒక్కసారే తీసుకుందాం."