కొడుకు చేతికి రాని విరాసత్

ఉర్దూ మీడియంలో చదువుకునే రోజుల్లో 'విరాసత్' అంటే బాప్ వదిలిపోయే ఇల్లూ జమీనూ అనుకునేవాణ్ణి. డిగ్రీలో తెలుగు చదివాక అదే 'వారసత్వం' అయింది. ఆ లఫ్జ్ బరువెంతో మాత్రం ఒక అమెరికన్ సినిమా చూశాకే తెలిసింది. 2002లో శామ్ మెండిస్ తీసిన 'రోడ్ టు పర్డిషన్' అది.

కథ 1931 నాటిది. ఇలినాయ్‌లో జాన్ రూనీ అనే ముఠా సర్దార్. అతని హుకుం మీద ఖూనీలు చేసే మైకేల్ సల్లివన్. సల్లివన్ పన్నెండేళ్ల కొడుకు ఒకరోజు ఆ ఖూనీ కళ్లారా చూస్తాడు. గవాహీ మిగలకూడదని వచ్చిన రూనీ కొడుకు కానర్, సల్లివన్ భార్యనూ చిన్న కొడుకునూ చంపేస్తాడు. మిగిలిన తండ్రీకొడుకులు ఊరొదిలి పారిపోతారు.

రూనీ వట్టి ఖయాల్ కాదు. రాక్ ఐలాండ్ పట్నంలో జాన్ లూనీ అనే వకీలు నిజంగానే ఉండేవాడు. సొంత పత్రిక పెట్టి, పైసలివ్వకపోతే బద్నామ్ చేస్తానని జనాన్ని బెదిరించేవాడు. అఖ్బార్‌లో పనిచేసే నాకు ఆ ముచ్చట చదివి షరమ్ అనిపించింది. 1922 అక్టోబర్‌లో దుష్మన్లు కాల్పులు జరిపినప్పుడు తండ్రీ కొడుకూ ఇద్దరూ అక్కడే ఉన్నారు. తండ్రి బతికాడు. కానర్ అనే ఆ కొడుకు చనిపోయాడు. 1925లో లూనీకి ఒక ఖూనీ కేసులో సజా పడింది.

ఈ చరిత్రలోకి సల్లివన్‌ని తెచ్చింది మాక్స్ అలన్ కాలిన్స్ 1998లో రాసిన బొమ్మల నవల. పసికొడుకును వెంటబెట్టుకు తిరిగే సమురాయ్ కథ, జపాన్ వాళ్ల 'లోన్ వుల్ఫ్ అండ్ కబ్', దానికి దారి చూపింది.

సల్లివన్ తౌబా చేసి మంచోడైపోయాడని సినిమా చెప్పదు. ఆఖరిదాకా చంపుతూనే ఉంటాడు. జన్నత్ తనకు రాదని అతనికి తెలుసు. కొడుక్కైనా ఆ దారి తెరిచి ఉండాలని ఒక్కటే తడప్. చివర్లో పిల్లాడి చేతికి తుపాకీ వస్తుంది, పేల్చలేకపోతాడు. చావుబతుకుల్లో ఉన్న తండ్రే ఆ గునాహ్ కూడా తన మీద వేసుకుంటాడు. కొడుకు పేల్చలేదన్న సుకూన్‌తో కన్ను మూస్తాడు.

పిల్లాడు ఒక రైతు ఇంట్లో పెరుగుతాడు. మళ్లీ తుపాకీ పట్టడు. తండ్రి మంచోడా చెడ్డోడా అని ఎవరడిగినా ఫైసలా చెప్పడు.

లూనీ కొడుకును తన ధందాలోకి తెచ్చుకున్నాడు, అదే దారిలో పోగొట్టుకున్నాడు. సల్లివన్ తన ధందాను కొడుకు చేతికి రానివ్వలేదు. నా హిసాబ్‌లో ఆ బాప్ వదిలిన విరాసత్ అదే.